పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేల అయిదు వందల అరవై ఏడు

గోదావరిఖనిలో మా గని గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో ఇప్పటికీ ఒక కథ చెబుతుంటారు. ముగ్గురు పంపు ఆపరేటర్లు ఒక పెద్ద అంకె వెంట పడి వారాల తరబడి లెక్కలు చేశారట, వాళ్లలో పెద్దాయన నూట ఇరవై ఏడును మింగేశాడట. కొత్తగా డ్యూటీలో చేరినవాళ్లకు కూడా ఈ కథ చెప్పి నవ్విస్తారు. ఈ మధ్య మందమర్రిలో ఒక పెళ్లిలో నా పక్కన కూర్చున్నాయన అదే కథ నాకే చెప్పాడు. ఆ పెద్దాయన మా అక్క భర్త, నాకు బావ. నూట ఇరవై ఏడును మింగినవాణ్ణి నేను. మిగతా కథంతా నిజమే కాబట్టి, మొదటి నుంచి చెబుతాను.

భూమి లోపల మా పంపు గదిలో పని తక్కువ, కనిపెట్టుకుని ఉండడం ఎక్కువ. గని నీరంతా వచ్చి చేరే గుంట ఒకటి, దాన్ని పైకి తోడే పంపు ఒకటి. పంపు మోత మారితే లేవాలి, మీటరు ముల్లు దిగితే లేవాలి. అంతే. లోపలికి ఫోను తీసుకుపోకూడదు. గోడలకు తెల్లసున్నం వేసి ఉంటుంది. సుద్దముక్కలు ఎప్పుడూ ఉంటాయి. మూడు షిఫ్టులకు ముగ్గురం: బావ, నేను, ఇంకొకాయన. ఆ మూడో ఆయన తండ్రి ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి పనికొచ్చాడు. కొడుకు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా మాట మాత్రం ఇంట్లో నేర్చుకున్నదే. మేమంతా ఆయన్ని కోస్తాయన అంటాం.

ఒకరోజు మధ్యాహ్నం నేను డ్యూటీకి దిగేసరికి గోడ మీద 1234567 అని పెద్దగా రాసి ఉంది. బావ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంది బావా, గట్ల చూస్తున్నవ్?"

"ఊకెనే రాసిన. గిది ఏ ఎక్కంల పోతదో చూద్దామని. రెండుల పోదు, చివర ఏడుంది. అయిదుల పోదు. మూడుల పోదు, అన్ని కలిపితే ఇరవై ఎనిమిది."

"ఏడుల?"

"ఏడుల చూసిన. అయిదు మిగిలింది." మళ్లీ గోడ వైపు చూసి అన్నాడు. "ఇంత వరుసగున్న అంకె, దేంట్ల పోకపోతే ఎంత మంచిగుంటది!"

ఒకటీ, తానూ తప్ప ఇంకే ఎక్కంలోనూ పోని అంకెను ప్రధాన సంఖ్య అంటారని మేమంతా బడిలో చదువుకున్నాం, మరిచిపోయాం. గుర్తుచేసింది కోస్తాయన, మోటారు మరమ్మతుకని ఆరోజు ఆయనా మాతో దిగాడు. ముగ్గురిలో ఆయనకు లెక్కల పిచ్చి ఎక్కువ. పదకొండుకూ పదమూడుకూ వేరేగా భాగాహారం అక్కర్లేదని చెప్పి, గోడ మీద చేసి చూపించాడు. అంకెను వెనక నుంచి మూడేసిగా విడగొట్టాలి: 567, 234, 1. మొదటిదాంట్లోంచి రెండోది తీసి మూడోది కలపాలి. 334 వస్తుంది. ఏడూ, పదకొండూ, పదమూడూ ఈ 334లో పోతేనే పెద్ద అంకెలో పోతాయి. ఆ మూడింటిలో ఒక్కటీ పోలేదు. ఏడుకు అయిదే మిగిలింది, అంతకుముందు బావకు వచ్చినంతే. బావ ఆ అయిదును చూసి, పరీక్ష పాసైన వాడిలా నవ్వాడు.

"ఎందాక చూడాలండీ అంటారా," కోస్తాయన అన్నాడు, "దీని వర్గమూలం దాకా చాలు. ఒక అంకె దాన్ని దాటి ఉంటే, దాని జోడు కిందే దొరికిపోతుంది. ఎంతో చూద్దాం."

పదకొండు వందల పదకొండును పదకొండు వందల పదకొండుతోనే గుణించాడు. 1234321 వచ్చింది. ముగ్గురం అలా చూస్తూ ఉండిపోయాం. మెట్లెక్కి దిగినట్టుంది ఆ అంకె. మా అంకెకు రెండు వందల నలభై ఆరు మాత్రమే తక్కువ. అంటే 1111 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే విషయం తేలిపోతుంది. నాలుగుతో, ఆరుతో చూడనక్కర్లేదు, రెండుతో పోనిది వాటితోనూ పోదు. ప్రధాన సంఖ్యలన్నిటినీ కోస్తాయన ఇంట్లో కూర్చుని వడపోసి తెచ్చాడు. నూట ఎనభై ఆరు తేలాయి.

"పైకి పోయి ఫోన్ల కొడితె అయిపాయె గదా," అన్నాను.

"అట్లయితె సినిమాకు పోయి చివరి సీను చూసి వచ్చినట్టుంటది," అన్నాడు బావ. ఫోను ముట్టకూడదని ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాం.

గనిలో పని మనిషిది కాదు, షిఫ్టుది. మొదటి షిఫ్టు వదిలిన చోట రెండో షిఫ్టు అందుకుంటుంది. ఎవరు దిగినా అదే పని. ఆ అలవాటుతోనే లెక్కలు కూడా పంచుకున్నాం: వందలోపువి మొదటి షిఫ్టుకు, వంద నుంచి రెండు వందల దాకా రెండో షిఫ్టుకు, ఆపై వంద నైట్ షిఫ్టుకు, తర్వాత మళ్లీ మొదటికి. ఆ వారం బావ మొదటి షిఫ్టు, నేను రెండో షిఫ్టు. ఆదివారంతో షిఫ్టులు మారి నేను నైటుకు పోతాను, బావ రెండో షిఫ్టుకు వస్తాడు. అప్పుడు మిగిలిన పని మనిషి వెంట పోతుందా, షిఫ్టు దగ్గరే ఉంటుందా అని ఎవరం ఆలోచించలేదు.

బావ లెక్క చేసే తీరు చూసి తీరాలి. భాగించడం ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ గుణించి, మిగిలింది కలిపి మా అంకె తిరిగి వచ్చిందో లేదో చూడడం ఇంకోసారి. పందొమ్మిదితో భాగిస్తే నాలుగే మిగిలిందని ఆరోజంతా గింజుకున్నాడు. "జరంతల తప్పిపాయె," అంటూ ఛార్జి ఇచ్చాడు. ఎనభై తొమ్మిదితో భాగిస్తే నలభై ఎనిమిది మిగిలింది. తొంభై ఏడుతో భాగించినా నలభై ఎనిమిదే మిగిలింది. రెంటికీ ఒకటే శేషం ఎట్లా వస్తుంది, ఎక్కడో తప్పు పోయిందని రెండూ తుడిచి మళ్లీ చేశాడు. మళ్లీ నలభై ఎనిమిదే. నేను దిగేసరికి ఆయన ముఖాన సుద్దపొడి, బొగ్గుపొడి కలిసిపోయి ఉన్నాయి. కోస్తాయన తర్వాత సంగతి విప్పాడు. మా అంకెలోంచి నలభై ఎనిమిది తీసేస్తే మిగిలేది 1234519. అందులో పదకొండు, పదమూడు, ఎనభై తొమ్మిది, తొంభై ఏడు నాలుగూ పోతాయి, ఆ నాలుగింటిని గుణిస్తే సరిగ్గా అంతే వస్తుంది. "అన్నగారూ, మీరు తప్పు చెయ్యలేదు, ఒక ముచ్చటైన అంకెను పట్టుకున్నారు," అన్నాడు. బావ ఆ వారం మా అక్కతో కూడా ఈ మాట చెప్పాడట. ఆమెకు అర్థం కాకపోయినా, ఆయన సంతోషం చూసి పాయసం వండింది.

ఇక నా వంతు. నూట ఒకటి, నూట మూడు, నూట ఏడు, నూట తొమ్మిది, నూట పదమూడు. అయిదూ చేశాను. ఒక్కటీ పోలేదు. నూట పదమూడు తర్వాత నూట ఇరవై ఏడు దాకా ప్రధాన సంఖ్య లేదు. ఒకటి నుంచి అక్కడిదాకా అంత పెద్ద ఖాళీ ఇంకెక్కడా రాదు. సరిగ్గా ఆ ఖాళీ దగ్గర నేను సుద్దముక్క పక్కన పెట్టి, కాళ్లు చాపుకున్నాను. పంపు ఇరుసు దగ్గర నీళ్లాపే గ్లాండు కారుతోంది, దానితోనే సరిపోయింది అని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. కారిన మాట నిజమే. ఒక్క భాగాహారానికి టైము లేనంతగా మాత్రం కారలేదు.

ఆదివారం అక్క భోజనానికి పిలిచింది. వాళ్ల క్వార్టర్ మా వీధి వెనకే. అప్పుడే నేను ఇంటి ముందు ప్రహరీ కట్టడం మొదలుపెట్టి సగంలో ఆపేశాను. అక్క కూర వడ్డిస్తూ దాన్నే పట్టుకుంది.

"మా తమ్ముడు మొదలుపెట్టుడే గానీ అయిపోగొట్టుడు ఎన్నడన్న చూసినమా? గోడ సగం. కుట్టుమిషన్ నేర్చుకుంటనని పోయిండు, అదీ సగం."

"మిషన్ నేను నేర్చుకునుడేంది అక్కా, నీ మేనకోడలు గదా!"

"ఇద్దరూ ఇద్దరే."

బావ నవ్వి, నా కంచంలోకి ఇంకో ముక్క వేయించి, మెల్లగా అడిగాడు. "బామ్మర్దీ, నీ వంద అయినయా? కాకపోతె చెప్పు, రేపటికెల్లి రెండో షిఫ్టు నాదే గదా. నేను అందుకుంట."

అక్క ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"అయినయ్ బావా," అన్నాను. "ఒక్కటి పోలె."

అంతే జరిగింది. కాలేదని చెబితే ఆయన అందుకునేవాడు. సోమవారం సాయంత్రానికే మా లెక్క తేలిపోయేది. ఆయన నా మాట మీద నమ్మకంతో ఆ వందను వదిలి, పైవందలకు పోయాడు. కోస్తాయనా పోయాడు. నేనూ పోయాను. నిజానికి ఆ తర్వాతి నా వందలన్నీ ఒళ్లు వంచి చేశాను. ఒకటి ఎగ్గొట్టానన్న బాధతో మిగతావి శ్రద్ధగా చేయడం, అదొక తిక్క. వారాలు గడిచాయి. తేమకు పాత సుద్దగీతలు చెదిరిపోతే బావ తన వందలోపు శేషాలను మళ్లీ దిద్దేవాడు, ఇంటి ముందు ముగ్గు దిద్దినట్టు.

చివరికి వెయ్యి దాటినవి కూడా అయిపోయాయి. ఒక్కటీ పోలేదు. ఆరోజు మధ్యాహ్నం షిఫ్టులు మారేవేళ ముగ్గురం గేటు ముందు చాయ్ హోటల్లో చేరాం. బావ అందరికీ మిర్చి బజ్జీలు చెప్పాడు.

"ఏంది కాకా, రిటైర్మెంటు దావత్ ముందుగాల్నే ఇస్తున్నవా?" అన్నాడు గని దీపాలిచ్చే ల్యాంపు రూం క్లర్కు.

"పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేల అయిదు వందల అరవై ఏడు," అన్నాడు బావ గంభీరంగా, "ప్రధాన సంఖ్య. మేం తేల్చినం."

క్లర్కు మర్యాదగా తల ఊపి, ఫోను తీసి, ఏదో కొట్టాడు. తర్వాత ఫోనును బల్ల మీద మా వైపు తిప్పి పెట్టాడు. అందులో 127 × 9721 అని ఉంది.

బజ్జీలు తినేవాళ్లంతా పగలబడి నవ్వారు. కోస్తాయన అక్కడే కాగితం ముక్క మీద గుణించి చూశాడు. సరిగ్గానే ఉంది.

"నూట ఇరవై ఏడు ఎవరిదండీ?" అన్నాడు.

"రెండో షిఫ్టుది," అని ఎవరో అన్నారు.

"రెండో షిఫ్టు ఎవలు?" అన్నాడు క్లర్కు.

"మొదటి వారం నేను," అన్నాను. "తర్వాత వారం బావ."

అందులో ఒక్క అబద్ధపు మాట లేదు. కాని ఆ మాట వినగానే అందరి కళ్లూ బావ మీదికి తిరిగాయి. నేను చకచకా చేస్తానని పేరు, ఆయన మెల్లగా చేస్తాడని పేరు. ఆయన నా వైపు చూశాడు. ఆదివారం నేనన్న మాట ఆయనకు గుర్తు లేకుండా ఉండదు. భార్య తమ్ముణ్ణి పదిమందిలో పలచన చేయడం ఇష్టం లేక, "నేనే మరిచిన్నేమో," అన్నాడు.

"కాకా, బజ్జీ అనుకొని మింగినవా ఏంది!" అన్నాడు క్లర్కు. ఆ మాట నిలిచిపోయింది.

మొదట్లో బావ కూడా నవ్వాడు. ఛార్జి ఇచ్చేటప్పుడు "అన్నీ చూసినవా కాకా, ఏమన్న మింగినవా?" అంటే, "ఇంకా ఆకలైతుంది," అనేవాడు. ఆయనకు తగిలింది ఇంకోటి. నూట ఇరవై ఏడు పోయినా 9721 ఉంది కదా, అదన్నా ప్రధాన సంఖ్య అవుతుందా అని కోస్తాయన మొదలుపెట్టాడు. దాని వర్గమూలం తొంభై తొమ్మిది దాటదు. అంటే వందలోపు ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. అందుకోసం తడిగుడ్డ తెచ్చి, గోడ మీద బావ శేషాలన్నీ తుడిచేశాడు.

"మళ్లీ మొదటి నుంచి చేద్దామండీ. ఒకచోట జారితే ఇంకోచోట కూడా జారి ఉండొచ్చు. ఏమనుకోకండి అన్నగారూ."

"నా ఇరవై అయిదు గూడ పోయినట్టేనా?" అన్నాడు బావ.

"నమ్మకం కోసమండీ."

"చేస్కోండ్రి," అన్నాడు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ సుద్దముక్క ముట్టలేదు. ఛార్జి ఇచ్చేటప్పుడు నీళ్ల సంగతి, మోటారు సంగతి తప్ప ఇంకో మాట లేదు. ఏడుతో భాగిస్తే అయిదు మిగిలినందుకు నవ్విన మనిషి, గోడ వైపు పెడముఖం పెట్టి కూర్చునేవాడు. రిటైర్మెంటుకు నెలలే మిగిలి ఉన్నాయి. పంపు గదిలో ఆయనకు దొరికిన ఒక్క సరదానూ నేను తీసేశాను. అక్క ఒకరోజు అడిగింది. "మీ బావ ఇంట్ల గూడ లెక్కలు చేసెటోడు, బంద్ పెట్టిండేంది? ఏమన్న అన్నరా?" నేను ప్రహరీ పని ఉందని వచ్చేశాను.

చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ధైర్యం రాలేదు. చివరికి నోరు తెరిపించింది ఆ అంకే. ఒకరోజు పంపు దగ్గర కూర్చుని ఆలోచిస్తుంటే తట్టింది. 9721ని మళ్లీ భాగించి చూడాల్సిన పనే లేదు. అందులో పోయే అంకె ఏదైనా 1234567లో కూడా పోవాలి, ఎందుకంటే చిన్నది పెద్దదాంట్లో ఇమిడే ఉంది. తొంభై ఏడు దాకా ఏదీ పెద్దదాంట్లో పోదని బావ ఎప్పుడో చేసిపెట్టాడు. ఆయన లెక్క సరైనదైతే 9721 ప్రధాన సంఖ్య అని అప్పుడే తేలిపోయింది. ఆయన లెక్కను నమ్మొచ్చా అన్నదొక్కటే ప్రశ్న. దానికి జవాబు నా దగ్గర ఉంది.

మరునాడు మధ్యాహ్నం షిఫ్టులు మారేవేళ హోటల్లో అందరూ ఉన్నారు. బావ చాయ్ తాగుతున్నాడు. కోస్తాయన పదిహేడుతో భాగించింది సరిపోవడం లేదని గొణుగుతున్నాడు.

"నువ్వు ఆపు అన్నా," అన్నాను. "బావ లెక్కల తప్పు లేదు. నూట ఇరవై ఏడు నాది. నేను చెయ్యలె. అయినయని బావకు అబద్ధం చెప్పిన. నేను చెయ్యకుంటె తనే చేస్తనని అడిగిండు గూడ."

క్లర్కు మా బల్ల దగ్గరికి జరిగాడు. "అంటె కాక మింగలేదు?"

"నేనే మింగిన."

"ఎన్ని చేసినవ్?" అన్నాడు బావ. గ్లాసు కింద పెట్టాడు.

"అయిదు. నూట పదమూడు దాక."

"నూట పదమూడు దాక!" ఆయన గొంతు పెరిగింది. "దాని తర్వాతదే గదరా నూట ఇరవై ఏడు! ఒక్కటి! ఒక్కటి చేస్తె అయిపోతుండె. పైన వెయ్యి దాక నాతోని గుణింపిచ్చినవ్ గదరా! నా మెడ నొచ్చి దవాఖానకు గూడ పోయిన!"

నన్ను అబద్ధమాడావని తిడతాడనుకున్నాను. చేసిన చాకిరీ గుర్తొచ్చి తిట్టాడు. జనం మళ్లీ నవ్వారు. ఈసారి నా మీద. నాకు హాయిగా ఉంది.

తర్వాత 9721 సంగతి చెప్పాను. కోస్తాయన నుదురు కొట్టుకున్నాడు. "నాకెందుకు తట్టలేదండీ ఇది!" బావకు వెంటనే ఎక్కలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు.

"అంటె," అన్నాడు, "టబ్బు బొగ్గుల రాయి లేదని నేను చూసిన. ఆ టబ్బుల కెల్లి తీసిన తట్టల రాయి ఎట్లుంటదని, అంతేనా?"

"అంతే బావా."

"అయితె నా ఇరవై అయిదు సరిగనే ఉన్నట్టు."

"సరిగనే ఉన్నయ్. 9721ని ప్రధానమని తేల్చింది నువ్వే."

ఆయన కోస్తాయన వైపు తిరిగాడు. "తుడిచినవ్ గదా. మళ్ల రాస్తవా, నేను రాయాల్నా?"

"నేనే రాస్తానండీ," అన్నాడు కోస్తాయన.

ఆయనకు శేషాలు గుర్తులేవు. బావ పక్కన నిలబడి ఒక్కొక్కటీ చెబుతుంటే రాశాడు. నలభై ఎనిమిదులు రెండూ వచ్చినప్పుడు బావ గొంతు కాస్త గట్టిగా పలికింది.

ఆ వారంలోనే బావ అంకెను తిరగేసి గోడ మీద రాశాడు: 7654321. మేం వందలు పంచుకోకముందే ఒక్కడే మొదలుపెట్టాడు. పదిహేడుకు మూడు మిగిలింది. పందొమ్మిదితో సరిగ్గా పోయింది, 402859 సార్లు. మొదటిసారి నాలుగు తేడాతో చేయిజారిన ఆ పందొమ్మిదే ఇప్పుడు దొరికిందని ఆయన సంబరం అంతా ఇంతా కాదు. హోటల్లో చెబితే క్లర్కు ఫోను తీయబోయాడు.

"వద్దులెండి," అన్నాడు కోస్తాయన. "ఆయన చూశారుగా."

క్లర్కు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

బావ గత ఏడాది రిటైరై మంచిర్యాలలో ఇల్లు కట్టుకున్నాడు. అయినా వారంలో ఒకటి రెండుసార్లు గోదావరి వంతెన దాటి చాయ్ హోటల్‌కు వస్తాడు. ఇప్పుడు మా పని 402859 మీద సాగుతోంది. ఆరు వందల ముప్పై నాలుగు దాకా చూడాలి. పందొమ్మిది కంటే చిన్నవి అక్కర్లేదు, పందొమ్మిది మాత్రం ఇంకోసారి చూడాలని బావే పట్టుకున్నాడు. ఒకసారి పోయింది మళ్లీ పోవచ్చు కదా అని. రెండు మిగిలింది. వందలు ఈసారి మనుషుల పేర్ల మీద పంచుకున్నాం, షిఫ్టుల మీద కాదు. కోస్తాయన చేసినవి బావ చూడడు. బావ చేసినవి ఎవరం చూడం. నా కాగితం మాత్రం ముందుకు లాక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కటీ గుణించి, మిగిలింది కలిపి చూస్తాడు. నేను ఇంకో చాయ్ చెప్పి, ఆయన అయిపోగొట్టే దాకా కూర్చుంటాను.